దీపావళికి నూలు బట్టలే వేసుకోమంటారు, కానీ నూలే ముందు అంటుకుంటోంది కదా?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ మధ్యనే వాళ్లకు సామాన్య శాస్త్రంలో కృత్రిమ దారాల పాఠం పూర్తయింది. దీపావళి దగ్గర పడుతున్నందున బడిలోనూ, పత్రికల్లోనూ, టీవీలోనూ ఒకే మాట వినిపిస్తోంది: బాణసంచా కాల్చేటప్పుడు నూలు బట్టలే వేసుకోవాలి, పాలిస్టర్, నైలాన్ బట్టలు వద్దు. నా చిన్నతనం నుంచీ నేను వింటున్నదీ అదే. కారణం మాత్రం ఎన్నడూ అడగలేదు.

పోయిన ఆదివారం మా అమ్మాయి పాత గుడ్డల మూటలోంచి రెండు పీలికలు తీసి, పాఠంలో చెప్పిన ప్రయోగం చేసి చూపించమని కూర్చుంది. ఒకటి వాళ్ల తాతగారి పాత పంచెలోది, రెండోది నా పాలిస్టర్ చీర కొంగులోది. పెరట్లో స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, పీలికను పట్టకారుతో పట్టుకుని నేనే అంటించాను. పంచె పీలిక అగ్గిపుల్ల తగిలీ తగలగానే భగ్గుమని చివరి దాకా కాలిపోయింది. పాలిస్టర్ పీలిక మాత్రం మంట దగ్గరకు రాగానే ముడుచుకుని పక్కకు తప్పుకుంది. పట్టుబట్టి మంటలో ఉంచితే గాని అంటుకోలేదు. అంటుకున్నాక నల్లటి పొగ వదులుతూ బొట్లు బొట్లుగా నీళ్లలోకి కారి, అగ్గిపుల్ల తీసేసిన కొద్దిసేపటికే ఆరిపోయింది. "మరి ఏది ప్రమాదం అమ్మా? టీచర్ చెప్పినదా, మనం చూసినదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ సందేహం వెనుక మా ఇంటి అవసరం కూడా ఉంది. పండుగకు వాళ్ల అమ్మమ్మ పిల్లకు నేల దాకా ఘేరు ఉన్న నెట్ గౌను కొన్నది. లోపల కాటన్ లైనింగ్ ఉంది కాబట్టి భయం లేదని కొట్లో చెప్పారట. ఆ మాట ఎంతవరకు నమ్మవచ్చు? నూలు తొందరగా అంటుకునే మాట నిజమైతే, అందరూ నూలే క్షేమమని ఎందుకు చెబుతున్నారు? రసాయన శాస్త్రం తెలిసినవారు, ఈ బట్టల వ్యాపారంలో ఉన్నవారు దయచేసి వివరించగలరు. పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం నా బాధ్యత కనుక, ముందు నాకు అర్థం కావాలి.


రసాయనశాల (విజయనగరం)

గౌతమీతీరం గారూ, మీ అమ్మాయి చూసినదాంట్లో ఏ పొరపాటూ లేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పాను. ఈ పాఠం విన్న పిల్లల్లో ఆ ప్రశ్న అడిగినవారు నాకు తారసపడలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక దారం మండుతూ ఉండాలంటే చుట్టూ కనీసం ఎంత శాతం ఆక్సిజన్ ఉండాలో ప్రయోగశాలలో కొలుస్తారు. నూలుకు దాదాపు 18 శాతం చాలు. పాలిస్టర్‌కు, నైలాన్‌కు 20 నుంచి 21 శాతం వరకూ కావాలి. ఉన్నికి సుమారు 25 శాతం కావాలి. మన గాలిలో ఉన్నది 21 శాతం. అందువల్ల నూలు మన గాలిలో సునాయాసంగా మండుతుంది, పాలిస్టర్ మండటమా ఆరిపోవడమా అన్న అంచు మీద ఉంటుంది, ఉన్నికి అంటించిన మంట తీసేస్తే చాలాసార్లు దానంతటదే ఆరిపోతుంది. అంటుకునే తీరు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మీ పాప తీర్పే సరైనది. పలుచటి నూలు వాయిలు, నూగు లేచిన నూలు గుడ్డ చాలా వేగంగా కాలిపోతాయి. ఈ సంగతి చెప్పకుండా "నూలు క్షేమం" అని మాత్రమే చెప్పడం సగం పాఠమే అవుతుంది.

మిగతా సగం ఏమిటంటే, బట్ట అంటుకోవడం వేరు, అంటుకున్న బట్ట ఒంటిని ఏం చేస్తుందన్నది వేరు. నూలు కరగదు, పాలిస్టర్ కరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ దారాలు ఎలా పుట్టాయో చూడాలి.

పత్తిలో ఉన్నది దాదాపు అంతా సెల్యులోజ్. వేలాది గ్లూకోజ్ వలయాలు దండలా గుచ్చుకుంటే ఒక సెల్యులోజ్ గొలుసు అవుతుంది. ఆ వలయాలకు ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు పక్క గొలుసులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్క బంధం బలహీనమైనదే అయినా, లెక్కకు మించి ఉండటం వల్ల ఆ పట్టు ఎంత గట్టిదంటే, వేడి చేసినప్పుడు గొలుసులు ఒకదాని నుంచి ఒకటి జారి ద్రవంగా మారకముందే గొలుసే తెగిపోతుంది. 300 డిగ్రీల సెల్సియస్ దాటాక సెల్యులోజ్ విచ్ఛిన్నమై మండే ఆవిరులు వెలువడతాయి. మనకు కనిపించే మంట ఆ ఆవిరులదే. మిగిలేది బొగ్గు, ఆ తరువాత ఊదితే లేచిపోయే మెత్తటి బూడిద. ద్రవదశ అన్నది లేనే లేదు.

పాలిస్టర్ సంగతి వేరు. 1941లో మాంచెస్టర్‌లోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేస్తున్న జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెన్నంట్ డిక్సన్ దీన్ని తయారుచేశారు. మన పెద్దవాళ్లు మురిపెంగా కొనుక్కున్న టెరిలిన్ చొక్కా అదే. టెరిఫ్తాలిక్ ఆమ్లానికి రెండు చివరలా ఆమ్ల సమూహాలు, ఇథిలీన్ గ్లైకాల్‌కు రెండు చివరలా ఆల్కహాల్ సమూహాలు ఉంటాయి. ఒకదాని చివర మరొకదాని చివరతో కలిసినప్పుడల్లా ఒక నీటి అణువు బయటకు పోయి ఒక ఎస్టర్ బంధం ఏర్పడుతుంది. ఇలా పొడవుగా పెరిగిన పదార్థాన్ని కరిగించి, సన్నని రంధ్రాలున్న పళ్లెం గుండా ఒత్తిడితో బయటకు నెట్టి, గాలిలో చల్లార్చి, సాగదీస్తే దారం వస్తుంది. మన ఇంట్లో జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టే అనుకోండి. కరిగించి తీసిన దారం కాబట్టి వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది. అది 255 నుంచి 260 డిగ్రీల మధ్య జరుగుతుంది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోదర్స్ బృందం 1935 ఫిబ్రవరి 28న తయారుచేసిన నైలాన్ 6,6 సుమారు 265 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని తరువాత జర్మనీలో పాల్ ష్లాక్ రూపొందించిన నైలాన్ 6 అయితే సుమారు 220 డిగ్రీలకే కరుగుతుంది.

ఈ కరిగే గుణాన్ని మనం రోజూ వాడుకుంటూనే ఉన్నాం. నైలాన్ తాడు కోసినప్పుడు కొస విడిపోకుండా నిప్పుతో కాల్చి అతికిస్తాం కదా, కొబ్బరి తాడుకు ఆ పని చేయలేం. అలా కాల్చేటప్పుడు ఆ వేడి బొట్టు వేలికి అంటుకున్న అనుభవం ఉన్నవారికి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. 60 డిగ్రీల నీళ్లు కొన్ని క్షణాల పాటు తగిలితేనే చర్మం కాలుతుంది. కరిగిన పాలిస్టర్ 250 డిగ్రీలకు పైన ఉంటుంది. నీళ్లు జారిపోతాయి, ఇది జారదు. జిగురులా అంటుకుని, తనలోని వేడినంతా చర్మంలోకి దింపుతూ అక్కడే గడ్డకడుతుంది. నూలు బూడిదను దులపవచ్చు, దీన్ని దులపలేం. నూలు వేసుకోమనడానికి అసలు కారణం ఇదే.

ఇక్కడ మరో పొరపాటు అభిప్రాయం కూడా తొలగాలి. కృత్రిమమైన ప్రతి దారమూ కరుగుతుందనుకోకండి. రేయాన్‌ను కర్మాగారంలోనే చేస్తారు, కానీ కర్ర గుజ్జులోని సెల్యులోజ్‌ను కాస్టిక్ సోడాతో, కార్బన్ డైసల్ఫైడ్‌తో ద్రావణంగా మార్చి, ఆమ్లపు తొట్టిలోకి వదిలి మళ్లీ సెల్యులోజ్ దారంగానే తీస్తారు. కనుక మంటలో అది అచ్చం నూలులాగే ప్రవర్తిస్తుంది. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఉదాహరణ మరొకటి ఉంది. పట్టుపురుగు వదిలే దారంలోనూ, నైలాన్‌లోనూ చిన్న అణువులను కలిపే ముడి ఒక్కటే, దాన్ని అమైడ్ బంధం అంటారు. నైలాన్‌లో రెండు ముడుల మధ్య ఉన్నవి సులువుగా వంగే కార్బన్ వరుసలు కాబట్టి వేడికి గొలుసులు జారి కరుగుతుంది. పట్టు ప్రోటీన్‌లో గొలుసులు పొరలు పొరలుగా బిగిసి ఉంటాయి కాబట్టి కరగకుండా మాడిపోతుంది. అదే అమైడ్ ముడుల మధ్య బెంజీన్ వలయాలను పెడితే నోమెక్స్ వస్తుంది. అది కరగదు, మంట తీసేస్తే ఆరిపోతుంది. అగ్నిమాపక సిబ్బంది, కార్ల పందేల చోదకులు ధరించే దుస్తులు దానితో చేసినవే. మనిషి చేసిన దారం ప్రమాదకరం, ప్రకృతి ఇచ్చిన దారం క్షేమం అనే విభజన రసాయన శాస్త్రానికి తెలియదు.

మీ అమ్మాయికి చూపించడానికి ఒక వస్తువు మీ ఇంట్లోనే ఉంది. ఇస్త్రీపెట్టె మీద తిప్పే చక్రాన్ని చూపండి. నైలాన్ తక్కువ వేడి దగ్గర, పట్టు, ఉన్ని మధ్యలో, నూలు ఎక్కువ వేడి దగ్గర రాసి ఉంటాయి. ఇప్పుడు చెప్పుకున్నదంతా ఆ చక్రం మీద ఉంది.


తెల్లచీర (గుంటూరు)

మాస్టారు చెప్పినది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఒంటికి అతుక్కున్న గుడ్డను తడిపి, కొంచెం కొంచెంగా కత్తిరించి, గాయాన్ని శుభ్రం చేయడం ఎంత సేపు పడుతుందో, ఆ సేపంతా రోగి ఎంత బాధ పడతారో దగ్గరుండి చూసిన మనిషిని. పాలిస్టర్ కరిగి పట్టుకున్న చోట గాయం లోతుగా ఉండటం నేను మళ్లీ మళ్లీ చూశాను.

అయితే తల్లులందరికీ ఒక మాట చెప్పాలి. బట్ట దేనితో చేసినదన్నది ఎంత ముఖ్యమో, అది ఏ ఆకారంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. మా దగ్గరికి వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి మంట అంటుకున్నది చేతిలోని కాకరపువ్వొత్తి వల్ల కాదు. గుమ్మం ముందు నేల మీద వరుసగా పెట్టిన ప్రమిదలకు లంగా అంచు తగిలి అంటుకుంది. పిల్ల ముందుకు చూస్తూ నడుస్తుంది, ఘేరు వెనుక ప్రమిద మీదుగా జారుతుంది, మంట మోకాలి దాకా వచ్చేవరకు తెలియదు. వంటగదిలోనూ అదే కథ. స్టవ్ వెనుక అలమరాలోని డబ్బా అందుకోవడానికి వంగితే పమిట బర్నర్ మీద పడుతుంది. వదులుగా వేలాడే నూలు నైటీ అంటుకుని వచ్చినవారినీ చూశాను. నూలు కట్టుకున్నాను కదా అనే ధైర్యంతో పమిట దోపుకోకుండా ఉండవద్దు. పండుగ రాత్రి పిల్లలకు ఒంటికి పట్టి ఉండే మందపాటి నూలు బట్టలు వేసి, జుట్టు ముడి వేసి, చున్నీ తీసేయించి, కాళ్లకు చెప్పులు తొడిగించండి. పక్కన రెండు బకెట్ల నీళ్లు, తడిపిన గోనెపట్టా ఒకటి ఉంచండి.

బట్ట అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. నిలబడి ఉన్న మనిషి ఒంటి మీద మంట పైకే పాకుతుంది, ముఖానికి చేరుతుంది. అందుకే వెంటనే పడుకోబెట్టి దొర్లించాలి, లేదా మందపాటి దుప్పటి కప్పి మంట ఆర్పాలి. ఆ తరువాత కాలిన చోట కుళాయి నీళ్లు ఇరవై నిమిషాల పాటు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఇడ్లీ పిండి ఏదీ రాయకూడదు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, పట్టీలు తీసేయాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను మాత్రం పీకకండి. లాగితే గుడ్డతో పాటు చర్మం వస్తుంది. దాన్ని అలాగే వదిలి, చుట్టూ ఉన్న గుడ్డను కత్తిరించి, శుభ్రమైన నూలు గుడ్డ కప్పి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఈ ఒక్క పేరా అయినా ఇంట్లో అందరికీ చదివి వినిపించమని చేతులెత్తి వేడుకుంటున్నాను.


పడుగుపేక (సిరిసిల్ల)

అక్క చెప్పినది అక్షర సత్యం. నేను సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కుటుంబంలో పుట్టిన వాడిని, ఇప్పుడు చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. మా ఊళ్లో మరమగ్గాల మీద నేసే గుడ్డలో పాలిస్టర్‌దే పెద్ద వాటా. 2017లో తెలంగాణ ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన బతుకమ్మ చీరలు మా ఊళ్లో నేసినవే, అవీ ఎక్కువగా పాలిస్టర్ దారంతో నేసినవే. వేలాది ఇళ్లలో పొయ్యి వెలిగించే దారాన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను. ఉతికితే గంటలో ఆరే చీర, గంజి, ఇస్త్రీ అక్కరలేని చీర, ఏళ్ల తరబడి రంగు పోని చీర కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఎంత అక్కరకు వచ్చిందో నాకు తెలుసు. మంట దగ్గర మాత్రం అది వద్దు అన్నది నా ఉద్దేశం. అమ్మేవాళ్లం ఆ మాట కొనేవాళ్లకు చెప్పాలి కూడా.

గౌతమీతీరం గారూ, కొట్లో "కాటన్" అన్న మాటకు ఇప్పుడు స్థిరమైన అర్థం లేదు. నూలులా కనిపించి, నూలులా గంజి పెట్టి మడత వేసిన ప్రతి దాన్నీ కాటన్ అనే అమ్ముతున్నారు. పిల్లల గౌన్ల పైనుండే నెట్, దాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టే క్యాన్‌క్యాన్ నూటికి నూరుపాళ్లు నైలాన్ లేదా పాలిస్టర్ అనుకోండి. నూలుకు ఆ బిరుసు ఉండదు. జార్జెట్, షిఫాన్, క్రేప్, శాటిన్ అన్నవి దారం పేర్లు కావు, నేత పేర్లు, గుడ్డ రకాల పేర్లు. ఒకప్పుడు వాటిని పట్టుతో నేసేవారు, ఇప్పుడు మామూలు ధరకు దొరికేవన్నీ దాదాపుగా పాలిస్టర్. ఆర్ట్ సిల్క్ అంటే కళాత్మకమైన పట్టు అనుకుని కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు అర్థం కృత్రిమ పట్టు అని. అసలు పట్టు కావాలంటే సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన గుర్తు అది. అసలు పట్టు పావడాకైనా జరీ అసలుది కాకపోవచ్చు. చవక జరీ అంటే లోహపు పూత పూసిన పాలిస్టర్ పొరను సన్నగా కోసినదే.

మీరు పీలిక మొత్తాన్ని కాల్చి చూశారు. అలా చేస్తే మోసపోయే వీలుంది. గుడ్డ అంచు దగ్గర పడుగు (నిలువు) పోగులను విడిగా, పేక (అడ్డం) పోగులను విడిగా లాగండి. రెండు వైపులా ఒకటే దారం ఉంటుందని నమ్మకం లేదు. సాంచాకు తెగకుండా నడవాలని పడుగులో పాలిస్టర్ వేసి, చేతికి మెత్తగా తగలాలని పేకలో నూలు వేసే గుడ్డలు బోలెడన్ని ఉన్నాయి. ఒక్కొక్క పోగును కొంచెం పురి పెట్టి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే మెత్తటి బూడిద అయితే నూలు గాని రేయాన్ గాని. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నల్లటి పూసలా ఏర్పడినా నలిపితే పొడి అయిపోతే పట్టు గాని ఉన్ని గాని. కరిగి, ముడుచుకుని, చల్లారాక గోటితో నొక్కినా చితకని గట్టి పూస మిగిలితే పాలిస్టర్ గాని నైలాన్ గాని. పూస పూర్తిగా చల్లారిందాకా ముట్టుకోకండి. రేయాన్, నూలు రెండింటికీ తేడా చూడాలంటే పోగును నీళ్లలో తడిపి లాగండి. రేయాన్ తడిస్తే బలం కోల్పోయి సులువుగా తెగుతుంది, నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.


గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తెల్లచీర గారి మాటలు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. మాకు ప్రమిదలు గుమ్మం ముందు నేల మీదే పెట్టే అలవాటు.

మాస్టారూ, మా అమ్మాయి తరఫున ఇంకో సందేహం. పడుగులో పాలిస్టర్, పేకలో నూలు ఉన్న గుడ్డ సంగతి విన్నాక, "అయితే సగం నూలు ఉంది కాబట్టి సగం ప్రమాదమే కదా" అంది. తన బడి యూనిఫాం పాలిస్టర్, నూలు కలిపిన టెరికాటన్‌దే. నాకు అది సబబుగానే తోచింది, కానీ మొదటి ప్రశ్నలో జరిగినట్టే ఇక్కడా నేను అనుకున్నది తప్పేమోనని అడుగుతున్నాను. బాణసంచా తయారుచేసే చోట పనివాళ్లు కూడా నూలు బట్టలే వేసుకోవాలంటారు. అక్కడా కారణం ఈ కరగడమేనా?


రసాయనశాల (విజయనగరం)

మీ అమ్మాయి లెక్క అంకగణితంలో సరైనదే, మంటకు మాత్రం ఆ లెక్క వర్తించదు. కలిపి నేసిన గుడ్డ కొన్ని సందర్భాల్లో విడి పాలిస్టర్ కంటే కూడా ఎక్కువగా మండుతుంది. దీన్ని వివరించడానికి దీపావళిని మించిన ఉదాహరణ దొరకదు.

ప్రమిదలో నూనె ఒక్కటే పోసి అగ్గిపుల్ల చూపిస్తే అంటుకోదు. వత్తి ఒక్కటే వెలిగిస్తే క్షణంలో కాలిపోతుంది. రెండూ కలిస్తే రాత్రంతా వెలుగుతుంది, ఎందుకంటే వత్తి తాను నిలబడి నూనెను పైకి లాగి మంటకు అందిస్తుంది. ఇప్పుడు టెరికాటన్‌ను చూడండి. విడి పాలిస్టర్ అయితే కరిగి, ముడుచుకుని, మంటకు దూరంగా జరిగి బొట్లుగా రాలిపోతుంది. రాలే బొట్టుతో పాటు వేడి, ఇంధనం రెండూ గుడ్డను విడిచిపోతాయి. మీ పీలిక ఆరిపోవడానికి కారణం అదే. పక్కన నూలు ఉంటే ఆ నూలు కరగదు, బొగ్గై సన్నని చట్రంలా నిలుస్తుంది. కరిగిన పాలిస్టర్ జారిపోవడానికి వీల్లేకుండా ఆ చట్రం దాన్ని పీల్చి పట్టుకుని మంటలోనే ఉంచుతుంది. నూలు వత్తి అవుతుంది, పాలిస్టర్ నూనె అవుతుంది. పరిశోధకులు దీన్ని చట్రపు ప్రభావం అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పాలిస్టర్ పాలు మూడింట రెండు వంతులు ఉండే సాధారణ టెరికాటన్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి సగం నూలు అంటే సగం క్షేమం అనుకోకూడదు.

నెట్ గౌనుకు కాటన్ లైనింగ్ విషయంలోనూ ఇదే భయం నాది. పైనున్న నెట్ అంటుకుంటే కరిగి లైనింగ్ మీద పడుతుంది. లైనింగ్ నిజంగా మందపాటి నూలు అయితే ఆ బొట్టుకూ చర్మానికీ మధ్య కొన్ని క్షణాల అడ్డు ఉంటుంది, ఆ మేరకు అది మేలే. అయితే అదే లైనింగ్ పైపొరకు వత్తిగా కూడా పనిచేయగలదు. గాలి ఆడేట్టు విచ్చుకుని ఉన్న నెట్, మంటకు చుట్టూ ఆక్సిజన్ అందే ఏర్పాటు అన్నట్టే. కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వ పుట్టినప్పుడు దాని వేడి 1000 డిగ్రీలను మించుతుంది. ఆ గౌను పగలు వేసుకోవడానికి అందమైనది, బాణసంచా దగ్గరికి తీసుకువెళ్లదగినది కాదు.

నూలుకు ఉన్న మరో లోపం కూడా చెప్పి తీరాలి. మంట ఆరిపోయాక కూడా నూలు బొగ్గు లోలోపల రగులుతూ ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అన్న మాట దానికి చక్కగా సరిపోతుంది. కాల్చడం పూర్తయ్యాక ఆ బట్టలను విప్పి మూటలో పడేయకుండా, రవ్వ పడిన చోటు నల్లగా ఉంటే నీళ్లలో ముంచి ఆరవేయండి.

మందుగుండు తయారుచేసే చోట నూలు వేసుకోమనడానికి కారణం వేరు. అక్కడ భయం స్థిర విద్యుత్తు. నూలు గాలిలోని తేమను తన బరువులో 7, 8 శాతం దాకా పట్టుకుంటుంది, నైలాన్ దాదాపు 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మీ చీర గంటలో ఆరిపోవడానికి, ఎండాకాలంలో ఒంటికి చెమట అంటినట్టే ఉండిపోవడానికి, పొడిగాలి వీచే రోజుల్లో విప్పుతుంటే చిటపటలాడటానికి మూలం ఈ ఒక్క అంకెలోనే ఉంది. తేమ ఉన్న దారంలో ఏర్పడిన విద్యుదావేశం ఎప్పటికప్పుడు జారిపోతుంది. తేమ లేని దారంలో అది పేరుకుని, ఏ లోహానికో చేయి తగిలినప్పుడు రవ్వగా దూకుతుంది. మనకు అది చిన్న చురక, మందు పొడి మధ్య కూర్చున్న మనిషికి ప్రాణాంతకం. కారణం వేరైనా, ఆ పనిలో ఉన్నవారికి కూడా నూలే సరైనది.

యూనిఫాం గురించి ఆందోళన పడకండి. తరగతి గదిలో, ఆటస్థలంలో టెరికాటన్ వల్ల హాని లేదు. ప్రయోగశాలలో స్పిరిట్ దీపం దగ్గర నిలబడే రోజున పైన మందపాటి నూలు కోటు తొడుక్కుంటే చాలు. మా కళాశాలలో నేను ఆ నియమం సడలించలేదు.


గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

నిన్న సాయంత్రం పడుగుపేక గారు చెప్పిన విధంగా గౌను లోపలి కుట్టు దగ్గర మిగిలిన గుడ్డ నుంచి పోగులు లాగి చూశాం. పైనున్న నెట్ అంటించీ అంటించకముందే కరిగి, చల్లారాక రాయిలా గట్టిగా ఉన్న పూస మిగిల్చింది. "కాటన్ లైనింగ్" పోగులు ఒక దిక్కున లాగినవి మెత్తటి బూడిద అయ్యాయి, రెండో దిక్కున లాగినవి పూస కట్టాయి. మూడోసారి కూడా అదే జరిగాక మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా నోటుపుస్తకం తెచ్చి పడుగు ఒక వరుసలో, పేక ఒక వరుసలో రాసుకుంది. పాత పంచె పోగు మాత్రం అన్నిసార్లూ బూడిదే అయింది. తడిపి లాగితే అంత తేలిగ్గా తెగలేదు, అంటే నూలేనన్న మాట.

వత్తి, నూనె పోలిక విన్నాక దానికి ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు. లైనింగ్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయని తనే చెప్పింది. గౌను పండుగ ఉదయం పూజకు, మధ్యాహ్నం అమ్మమ్మ గారింటికి వెళ్లడానికి వేసుకుంటుంది. సాయంత్రానికి మందపాటి నేత గుడ్డతో చుడీదార్ కుట్టిస్తున్నాను. ఆ గుడ్డ కొనేటప్పుడు కొట్టులోనే రెండు వైపులా పోగులు అడిగి తెచ్చుకున్నాం, కొట్టాయన ఏమీ అనుకోలేదు. ప్రమిదలు ఈసారి నేల మీద కాకుండా పిట్టగోడ మీద పెడుతున్నాం, రెండు బకెట్లు, గోనెపట్టా ఎక్కడ ఉంచాలో కూడా నిర్ణయించుకున్నాం.